రోజూ గంటన్నర, చెవిలో ఒక హత్య కేసు: క్రైమ్ సిరీస్‌ను ప్రయాణంలో వినడానికి సమగ్ర మార్గదర్శి

నేను మొదటిసారి ఆడియోలో విన్న క్రైమ్ నవలలో హంతకుడి పేరు బయటపడ్డప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. "ఇంతకీ ఈయనెవరు?" అనిపించింది. పదకొండు గంటల పుస్తకం. ఎనిమిది రోజులు ఆఫీసుకు వెళ్తూ వస్తూ విన్నాను. తీరా చివర్లో డిటెక్టివ్ అందర్నీ కూర్చోబెట్టి ఒకాయన్ని చూపిస్తే, ఆ ఒకాయన కథలోకి ఎప్పుడొచ్చాడో నాకు గుర్తే లేదు. నాలుగో అధ్యాయంలో వచ్చాడట. బహుశా ఆ సమయానికి నేను ఒక బస్సు దిగి ఇంకో బస్సు వెనక పరిగెడుతున్నాను.

కాగితం మీదైతే రెండు పేజీలు వెనక్కి తిప్పి చూసుకుంటాం. చెవికి ఆ వెసులుబాటు తక్కువ. పైగా క్రైమ్ నవల రాసేవాళ్లు అసలు మాటను మనం పరధ్యానంగా ఉన్నప్పుడే అనేసి పోతారు, వాళ్ల విద్యే అది. అందుకే ప్రయాణంలో క్రైమ్ వినాలంటే కాస్త ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటులో సగం పని సిరీస్‌ను ఎంచుకోవడంతోనే అయిపోతుంది. కొత్త నవల ఏదైనా మొదటి గంటన్నర కష్టంగానే ఉంటుంది: ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ కాలం, ఏ ఊరు, చదివే గొంతు ఎలా పలుకుతుంది. విడి నవలకు ఈ కష్టం ప్రతిసారీ పడాలి. సిరీస్‌కైతే మొదటి పుస్తకంలో పడితే చాలు. రెండో పుస్తకం మొదలయ్యేసరికి ఇన్‌స్పెక్టర్ మనకు పాత పరిచయస్థుడు, ఆయన పక్కనుండే సార్జెంట్ ఏ విషయంలో విసుక్కుంటాడో కూడా తెలుసు. మన ధ్యాసంతా కొత్త హత్య మీద పెట్టొచ్చు.

1. ముందు మీ ప్రయాణాన్ని కొలవండి

"నాకు రాను పోను గంటన్నర పడుతుంది" అని చెప్పేస్తాం గానీ, ఆ గంటన్నరా వినడానికి పనికిరాదు. ఒక రెండు రోజులు గమనించి చూడండి. ఇంటి నుంచి స్టాపు దాకా నడక, నిలబడి ఎదురుచూడటం, ఎక్కి సీటు దొరికే దాకా తోపులాట, కూర్చున్నాక నిశ్చింత, మధ్యలో మారడం, దిగాక మళ్లీ నడక. వీటిలో నడక, కూర్చున్న సమయం బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఎక్కడం, దిగడం, మారడం అసలు పనికిరావు. నా గంటన్నరలో నిజంగా వినగలిగింది గంటే అని తేలింది. ఆ మిగతా అరగంట కూడా కలుపుకొని వినడం వల్లే మొదటి నవలలో నాకు హంతకుడు దొరకలేదు.

ఇప్పుడు లెక్క వేసుకోవచ్చు. ఇంగ్లీషు ఆడియోబుక్ మామూలుగా నిమిషానికి 150 నుంచి 160 మాటల వేగంతో సాగుతుంది, అంటే గంటకు 9,000 పైచిలుకు. 90,000 మాటల నవల సుమారు 10 గంటలు. రోజుకు గంట చొప్పున, వారానికి ఐదు రోజులు వింటే రెండు వారాలకు ఒక పుస్తకం. పది పుస్తకాల సిరీస్ అయితే దాదాపు ఐదు నెలల తోడు.

మీరే బండి నడుపుతుంటే లెక్క వేరు. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో పోయేటప్పుడు బాగానే వినబడుతుంది. లేన్ మారేటప్పుడు, పెద్ద కూడలి దాటేటప్పుడు బుర్ర కథను పక్కన పెట్టేస్తుంది, పెట్టాలి కూడా. కాబట్టి నడిపేవాళ్లు కొంత కథ జారిపోతుందని ముందే ఒప్పుకొని, తేలికగా అల్లుకునే కథలు ఎంచుకోవడం మంచిది. స్కూటర్, సైకిల్ మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని వినడం మాత్రం నేను చెప్పను. వెనక నుంచి వచ్చే లారీ చప్పుడు కన్నా ముఖ్యమైన క్లూ ఏ నవలలోనూ ఉండదు. చాలా దేశాల్లో అది చట్టం ఒప్పుకోని పని కూడా. ఫ్రాన్స్‌లో 2015 నుంచి కారుకైనా సైకిల్‌కైనా నిషేధమే.

2. మీ దూరానికి తగిన సిరీస్

క్రైమ్ అంటే అన్నీ ఒకటే కాదు. చెవి వరకు నేను వాటిని మూడు రకాలుగా చూస్తాను. ఒకటి, పజిల్ రకం: ఒక ఇల్లు, పది మంది అతిథులు, ఒక శవం. ఎవరు ఏ గంటకు ఎక్కడ ఉన్నారో టైమ్‌టేబుల్ అంతా మనం మోయాలి. కాగితం మీద అద్భుతంగా ఉంటాయి గానీ ప్రయాణంలో చుక్కలు చూపిస్తాయి. రెండు, పోలీసు దర్యాప్తు రకం: ఒక అధికారి వెంట మనమూ ఒక్కో ఇంటికి వెళ్తాం, ఒక్కొక్కరినే కలుస్తాం. సాయంత్రం స్టేషన్లో అందరూ కూర్చొని ఇంతవరకు తెలిసింది ఏమిటో మళ్లీ మాట్లాడుకుంటారు. ఆ సమావేశాలు పుస్తకంలో చదివేటప్పుడు కొంచెం విసుగు, వినేటప్పుడు మాత్రం వరం. మనం జారవిడిచింది అక్కడ తిరిగి దొరుకుతుంది. మూడు, థ్రిల్లర్: హంతకుడు ముందే తెలుసు, పట్టుబడతాడా లేదా అన్నదే టెన్షన్. ఇవి జారినా పర్వాలేదు, కానీ దిగాల్సిన స్టాపు దాటిపోయే ప్రమాదం వీటితోనే ఎక్కువ.

నన్నడిగితే మొదటి సిరీస్‌గా రెండో రకమే పెట్టుకోండి. ఆ రకానికి ఒక మంచి నమూనా స్వీడన్ రచయితల జంట మాయ్ షోవాల్, పెర్ వాలూ రాసిన సిరీస్, అందులో పోలీసు డిటెక్టివ్ పేరు మార్టిన్ బెక్. 1965 నుంచి 1975 వరకు ఏడాదికొకటి లెక్కన దాదాపుగా, సరిగ్గా పది నవలలు. ఒక్కోదానిలో 30 అధ్యాయాలు. మొత్తం కలిపి 300 అధ్యాయాల ఒకే పెద్ద కథగా వాళ్లు ముందే వేసుకున్న ప్లాను అది. చిన్న అధ్యాయాలు కావడంతో వెళ్లేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు అనుకుంటే చక్కగా కుదురుతుంది.

ప్రయాణం మరీ చిన్నదైతే, ఇరవై నిమిషాల లోపైతే, పొట్టి నవలలు, కథలు చూడండి. జార్జ్ సిమెనాన్ రాసిన పోలీసు అధికారి మైగ్రే నవలలు 75 ఉన్నాయి, చాలావరకు సన్నటివే. షెర్లాక్ హోమ్స్ అయితే నవలలు 4 మాత్రమే, కథలు 56. ఒక కథ రెండు మూడు ట్రిప్పుల్లో అయిపోతుంది, శుక్రవారం సాయంత్రానికి సగంలో వేలాడే కేసు ఉండదు.

3. ఏ వరసలో వినాలి

అచ్చయిన వరసలో వినండి. కథ జరిగిన కాలాన్ని బట్టి పేర్చిన జాబితాలు చూడటానికి తెలివిగా కనిపిస్తాయి గానీ, మొదటిసారి వినేవాళ్లకు అవి చిక్కులే తెస్తాయి. హోమ్స్‌నే తీసుకోండి. 1893లో వచ్చిన ఒక కథలో రచయిత డాయిల్ హోమ్స్‌ను జలపాతం దగ్గర చంపేశాడు. 1901లో మొదలైన తర్వాతి నవలను అంతకుముందు జరిగిన కేసుగా రాశాడు. 1903లో మనిషినే బతికించి తెచ్చాడు. ఇంకా తమాషా ఏమిటంటే, 1914లో మొదలైన చివరి నవల, ఆ జలపాతం కథకు ముందు జరిగినట్టుగా ఉంటుంది, అందులో హోమ్స్ స్నేహితుడు వాట్సన్‌కు హోమ్స్ బద్ధశత్రువు మోరియార్టీ పేరు తెలుసు. 1893 కథలో మాత్రం ఎప్పుడూ వినలేదంటాడు. కాలం వరసలో వింటే ఇది పంటికింద రాయిలా తగులుతుంది. అచ్చయిన వరసలో వింటే రచయిత మర్చిపోయాడులే అని నవ్వుకుంటాం.

కొన్ని సిరీస్‌లకు వరస అంత పట్టింపు లేదు. అగాథా క్రిస్టీ రాసిన డిటెక్టివ్ పొయిరో నవలలు దాదాపు ఎక్కడి నుంచైనా ఎత్తుకోవచ్చు. ఒక్క చివరి కేసు మాత్రం చివరికే ఉంచండి. ఆవిడ కూడా దాన్ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే రాసి దాచిపెట్టి, 1975లో గానీ అచ్చుకు ఇవ్వలేదు. మనం తొందరపడటం ఎందుకు?

ఎక్కడైనా డిటెక్టివ్ సొంత జీవితం, అంటే పెళ్లి, విడాకులు, సహోద్యోగి మరణం వంటివి పుస్తకం నుంచి పుస్తకానికి సాగుతుంటే మాత్రం మధ్యలో దూరకండి. ఐదో పుస్తకం మొదటి పేజీలోనే "అతను పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు" అనేస్తారు. నాలుగో పుస్తకం మొత్తం మీద నీళ్లు చల్లినట్టే.

4. గొంతును పరీక్షించడం

పుస్తకం ఎంత గొప్పదైనా చదివే గొంతు నచ్చకపోతే పది గంటలు భరించలేం. చాలా యాప్‌లలో కొన్ని నిమిషాల నమూనా ఉంటుంది. దాన్ని ఇంట్లో సోఫాలో కూర్చొని వినకండి. బస్సులోనో రైల్లోనో వినండి. ఇంట్లో ఎంతో హాయిగా అనిపించిన లోతైన, మెత్తని గొంతు ఇంజిన్ రొదలో కలిసిపోతుంది. కాస్త పదునుగా, మాట చివరలు మింగకుండా పలికేవాళ్లే ప్రయాణానికి నెగ్గుతారు. నమూనాలో సంభాషణ ఉందా అని కూడా చూడండి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే, "అన్నాడు", "అంది" లేకుండానే ఎవరి మాట ఏదో తెలుస్తోందా? తెలియకపోతే ఎనిమిది మంది అనుమానితుల మధ్య మీరు తప్పిపోతారు.

తర్వాత, సిరీస్ మొత్తం ఒకే మనిషి చదివారా చూసుకోండి. మధ్యలో గొంతు మారితే, మూడు నెలలుగా తెలిసిన ఇన్‌స్పెక్టర్ హఠాత్తుగా కొత్త మనిషి అయిపోతాడు. ఒక సిరీస్‌లో ఆరో పుస్తకానికి నాకిలా జరిగింది. రెండు రోజులు అలిగి, పాటలు విని, మూడో రోజు దారికి వచ్చాను. గంట దాటితే కొత్త గొంతూ అలవాటవుతుంది, కానీ ముందే తెలిస్తే ఆ గంట తిట్టుకోకుండా గడుస్తుంది.

సంక్షిప్తం చేసిన కూర్పు కొనకండి. క్రైమ్‌లో అనవసరం అనిపించి కత్తిరించే వాక్యాల్లోనే క్లూలుంటాయి. బోలెడంత మంది నటులతో, శబ్దాలతో చేసే నాటకం లాంటి రూపాలు వేరే వస్తువు. సరదాగానే ఉంటాయి గానీ, తలుపు కిర్రుమన్న చప్పుడు కథలోదా బస్సుదా తెలియక తల తిప్పి చూడాల్సి వస్తుంది.

5. తెచ్చుకోవడం, దింపుకోవడం

డబ్బు పెట్టి కొనే, నెలవారీ చందా కట్టే సేవలు మీకు తెలిసే ఉంటాయి. అంతకు ముందు రెండు చోట్లు చూడండి. మీ ఊరి లైబ్రరీ లిబ్బీ లాంటి యాప్‌తో జత అయి ఉంటే సభ్యత్వం మీదే ఆడియోబుక్స్ అరువు తీసుకోవచ్చు. గడువు తీరగానే పుస్తకం దానంతటదే వెనక్కి పోతుంది, కాబట్టి మీ రోజుకు గంట లెక్కతో గడువు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. రెండోది లిబ్రివాక్స్. 2005లో మొదలైంది. కాపీరైట్ తీరిన పుస్తకాలను స్వచ్ఛందంగా చదివి ఉచితంగా పెడతారు, పాత డిటెక్టివ్ కథలు దండిగా ఉంటాయి. అక్కడ ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చదివినవీ ఉంటాయి, మొత్తం ఒక్కరే చదివినవీ ఉంటాయి. రెండో రకమే వెతకండి.

ముందు రాత్రే వైఫై మీద డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. నెట్ మీద నేరుగా వింటే సొరంగంలోకి రైలు వెళ్లగానే సాక్షి నోరు మూతబడుతుంది. జాగా గురించి బెంగ అక్కర్లేదు. 64 కేబీపీఎస్ నాణ్యతలో గంట మాటకు 29 ఎంబీ దాకా పడుతుంది, పది గంటల నవల 300 ఎంబీ లోపే. మాటకు ఆ నాణ్యత చాలు.

6. ఫోన్‌లో చేయాల్సిన మార్పులు

వెనక్కి వెళ్లే బటన్ 30 సెకన్లకు పెట్టండి. 10 సెకన్లయితే సరిపోదు, హారన్ మోతలో పోయిన వాక్యం అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు దానంతటదే కొంచెం వెనక్కి వెళ్లే సదుపాయం ఉంటే అదీ ఆన్ చేయండి. మెసేజ్‌ల మోతలు ఆపేయండి.

వేగం విషయంలో నాది కాస్త చాదస్తం. లెక్క ప్రకారం పది గంటల పుస్తకం 1.25 వేగంలో 8 గంటలకు, 1.5లో 6 గంటల 40 నిమిషాలకు అయిపోతుంది. ఆశగానే ఉంటుంది. కానీ సిరీస్ మొదటి పుస్తకం మామూలు వేగంలోనే వినండి. రెండోదాని నుంచి 1.1, 1.2 దాకా పోవచ్చు. నిశ్శబ్దాలను కత్తిరించే సదుపాయం కొన్ని యాప్‌లలో ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. విచారణ గదిలో "ఆ రాత్రి మీరు ఎక్కడున్నారు?" అని అడిగాక, జవాబు వచ్చేలోపు ఉండే ఆ రెండు సెకన్లు కూడా సాక్ష్యమే. దాన్ని తీసేస్తే అబద్ధం చెప్పేవాడూ నిజం చెప్పేవాడూ ఒకేలా వినిపిస్తారు.

సౌండ్ గురించి ఒక జాగ్రత్త. చుట్టూ రొద పెరిగేకొద్దీ మనం వాల్యూమ్ పెంచుకుంటూ పోతాం. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు వినేట్టయితే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రొదను తగ్గించే హెడ్‌ఫోన్స్ ఇక్కడ నిజంగా ఉపయోగం. ఇంజిన్ గుయ్యిమనే మోతను అవి బాగా తొక్కేస్తాయి, తక్కువ వాల్యూమ్‌లోనే మాట తేటగా వినిపిస్తుంది. పక్క సీటులో ఫోన్ మాట్లాడేవారిని మాత్రం పూర్తిగా ఆపలేవు. కారు నడిపేవాళ్లకు హెడ్‌ఫోన్స్ వద్దు, కారు స్పీకర్లే చాలు. బండి కదలకముందే పుస్తకం మొదలుపెట్టి ఫోన్‌ను చేతికందనంత దూరంలో పెట్టేయండి.

7. మొదటి మూడు గంటలు

ఇదే అసలు ఘట్టం. క్రైమ్ నవల మొదటి మూడో వంతులో మనుషులందరూ వచ్చేస్తారు, సగం క్లూలు పడిపోతాయి. ఈ భాగాన్ని మీ ప్రయాణంలో అత్యంత ప్రశాంతమైన నిమిషాలకే కేటాయించండి. మిగతా సమయంలో పాటలు వినండి, ఏమీ వినకండి, మీ ఇష్టం.

పేర్లు చెవికి పెద్ద చిక్కు. అక్షరాలు కనబడవు కాబట్టి ఒకే శబ్దంతో మొదలయ్యే ఇద్దరు ఒక్కరైపోతారు. విదేశీ సిరీస్ అయితే ఇంకా కష్టం: ఒకే మనిషిని భార్య ఒక పేరుతో, బాసు ఇంటిపేరుతో, స్నేహితుడు ముద్దుపేరుతో పిలుస్తారు. నేను ఫోన్ నోట్స్‌లో మనిషికి మూడు నాలుగు మాటలే రాసుకుంటాను. "హానా, చెల్లెలు, అప్పు ఉంది." "డాక్టర్, కుంటుతాడు, ఆలస్యంగా వచ్చాడు." అంతే. పది మందికి పది లైన్లు. దిగి నడిచేటప్పుడు రాయలేకపోతే రికార్డర్‌లో చెప్పుకోండి. జనం మధ్య "తోటమాలి అబద్ధం చెబుతున్నాడు" అని ఫోన్‌లో గుసగుసలాడితే ఒకరిద్దరు తిరిగి చూస్తారు, చూడనివ్వండి.

ఇక క్లూలు. డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారాన్నీ పాఠకుడికీ వెంటనే చూపించాలన్నది రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు రాసిన పది నియమాల్లో ఒకటి. ఆ తరహా రచయితలు ఆ మాట నిలబెట్టుకుంటారు, కానీ తమదైన పద్ధతిలో. ఇలాంటి వాక్యం ఊహించుకోండి: "బల్ల మీద సగం తాగిన కాఫీ, ఒక పెన్ను, ఎడమ చేతి గ్లవ్, నిన్నటి పేపర్, విరిగిన కళ్లద్దాలు ఉన్నాయి." కళ్లద్దాలు చివర వచ్చాయి కాబట్టి మన ధ్యాస అటు పోతుంది. అసలు సంగతి మధ్యలో దాక్కున్న గ్లవ్‌లో ఉంటుంది: కుడి చేతిది ఏమైంది? కంటికైతే ఆ వాక్యం పేజీ మీద అలాగే ఉంటుంది. చెవికి ఐదు సెకన్లే. కాబట్టి నా నియమం ఒకటే. కథలో ఎవరైనా వస్తువుల జాబితా చదివినా, గడియారంలో టైము చెప్పినా, ఎవరూ అడగకుండానే తాను ఎక్కడున్నదీ చెప్పుకొచ్చినా వెంటనే బుక్‌మార్క్ నొక్కుతాను. అర్థం అప్పుడే తెలియనక్కర్లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆ మూడు బుక్‌మార్కులు ఒకసారి వింటే రెండు నిమిషాల పని.

పాత నవలల్లో ఇంటి ప్లాను, చేతిరాత ఉత్తరం బొమ్మ లాంటివి ఉంటాయి. ఆడియోకు జతగా పీడీఎఫ్ ఇచ్చారేమో చూడండి. లేకపోతే తలుపులు ఎక్కడెక్కడున్నాయో ఒక చిత్తు కాగితం మీద మీరే గీసుకోండి. చెడ్డ బొమ్మైనా పర్వాలేదు.

8. ఆపడం, అందుకోవడం

స్టాపు వచ్చినప్పుడు అధ్యాయం అయిపోయే దాకా ఆగాలనిపిస్తుంది. మీ ప్రయాణం అధ్యాయాల లెక్కన సాగదు. వాక్యం మధ్యలో ఆపినా నష్టం లేదు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రెండు నిమిషాలు వెనక్కి వెళితే చాలు. సోమవారం పొద్దున అయితే ఐదు నిమిషాలు. వారం పైగా గ్యాప్ వస్తే నోట్స్ చదివి, ఆగిన అధ్యాయం మొదటి నుంచి వినండి. పట్టుదలగా ఆగిన చోటి నుంచే లాగితే, ఆ రోజంతా ఎవరో తెలియనివాళ్ల ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది.

మధ్యలో పుస్తకం నచ్చకపోతే? సిరీస్‌లో రెండు పుస్తకాలు విన్నా ఆ డిటెక్టివ్ మీద మమకారం కలగలేదంటే వదిలేయండి. మొదటి పుస్తకం ఒక్కటే విని మాత్రం తీర్పు ఇవ్వొద్దు. చాలామంది రచయితలు రెండో మూడో పుస్తకానికి గానీ తమ మనిషిని పట్టుకోలేరు.

9. చివరి గంట

ముగింపును రోడ్డు మీద వినకండి. బండి నడిపేవాళ్లకు ఇది భద్రత మాట కూడా: గుట్టు విప్పే సన్నివేశంలో ధ్యాస రోడ్డు మీద ఉండదు. కూర్చొని వెళ్లేవాళ్లకు ఇది రుచి మాట. పది గంటలు కట్టిన ముడి విప్పేటప్పుడు "టికెట్, టికెట్" అని ఎవరో భుజం తడితే అంతా పోయింది. నేను చివరి నలభై నిమిషాలు మిగల్చుకుని ఆ సాయంత్రం ఒక స్టాపు ముందే దిగి నడుస్తాను, లేదా ఇంట్లో దీపం ఆర్పేసి వింటాను. విప్పే ముందు ఒక్క నిమిషం ఆపి హంతకుడెవరో నోట్స్‌లో రాసుకోండి. తప్పయితే చెరిపేయొచ్చు, ఎవరూ చూడరు.

అన్నట్టు, బ్రిటన్‌లో 1935లో చూపులేనివారి కోసం గ్రామ్‌ఫోన్ రికార్డుల మీద టాకింగ్ బుక్స్ మొదలుపెట్టినప్పుడు, తొలి పుస్తకాల్లో ఒకటి అగాథా క్రిస్టీ హత్య నవలే. రికార్డుకు ఒక్కో వైపు దాదాపు 25 నిమిషాలు. గుట్టు విప్పబోతుండగా లేచి రికార్డు తిరగేయాల్సి వచ్చినవాళ్ల అవస్థ తల్చుకుంటే, మన టికెట్ కేకలు ఎంత!

10. ఒక పుస్తకానికీ ఇంకోదానికీ మధ్య

వెంటనే తర్వాతి భాగం నొక్కాలనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఆగండి. వరసగా నాలుగు వింటే హత్యలు కలిసిపోతాయి, ఏ శవం ఏ పుస్తకానిదో తెలియదు. ఆ ఖాళీ రోజుల్లో ఇప్పుడే అయిన పుస్తకంలో మొదటి మూడు గంటలు ఇంకోసారి వినండి. హంతకుడు తెలిశాక వినడం వేరే ఆట: రచయిత ఎక్కడ దాచాడో చూస్తూ పోవచ్చు, ఇప్పుడు బస్సు మారుతూ విన్నా నష్టం లేదు.

నా మొదటి నవలను అలాగే మళ్లీ పెట్టుకున్నాను. నాలుగో అధ్యాయం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వానలో ఆ ఇంటికి వెళ్తాడు. గేటు దగ్గర ఒకాయన గొడుగు పట్టుకొని తలుపు తీస్తాడు, "సార్ లోపలే ఉన్నారండీ, ఇందాకే అడిగారు మిమ్మల్ని" అంటాడు. మొత్తం పదకొండు సెకన్లు. లోపలున్న ఆ సార్ అప్పటికే చనిపోయి గంటయింది.